పక్క ఇంటికి తాళము పడినప్పుడు



జాలహళ్ళి అనగానే మనలో చాలామందికి బెంగుళూరు జాలహళ్ళి, అక్కడి ఫ్యాక్టరీలు గుర్తుకు వస్తాయి. నేను చెప్పబోయేది ఆ జాలహళ్ళి గురించి కాదు. రాయచూరు జిల్లా, దేవదుర్గ తాలూకాలోని జాలహళ్ళి గురించి. మా నాన్నగారు గుంటూరు జిల్లా నుండి తుంగభద్ర ఆయకట్టుకు వచ్చి, సింధనూరు వైపు ఒక క్యాంపులో కొంతకాలము ఉన్నారు. నారాయణపూర్ కుడి కాలువ నీళ్ళు ఈ తాలూకాకు పారిన తరువాత మేము ఇటు మారాము. ఇప్పుడు మా మనుమలు కన్నడము, తెలుగు రెండూ కలిపి మాట్లాడుతారు. మనము వలసవారము అనే మాట మనకే గుర్తుండదు, అంతగా స్థిరపడ్డాము.

మా వీధిలో ఒక ఇంటికి తాళము పడింది. ఆ ఇల్లు మా గోడకు ఆనుకొనే ఉంది. ఇంటాయన స్థానికుడు, కన్నడిగుడు, నాకన్నా చిన్నవాడు, నన్ను "అణ్ణా" అని పిలిచేవాడు. పాత మట్టి మిద్దెకు ముందువైపు స్లాబు గది కట్టడానికి బ్యాంకులో అప్పు చేశాడు. వరుసగా రెండేళ్ళు మిరప చేతికి రాలేదు. ఒక రాత్రి భార్యాపిల్లలను తీసుకొని బెంగుళూరుకు కట్టడపు పనికి వెళ్ళిపోయాడు. ఇక్కడ దీనిని "గుళే" పోవడము అంటారు. ఈ తాలూకాలో గుళే కొత్త మాట కాదు. వానలు తప్పినప్పుడల్లా ఊళ్ళలో ముసలివాళ్ళు, తాళాలు మిగులుతాయి. కాని ఈ తాళము మీద కొన్ని నెలలకు బ్యాంకువారి కాగితము ఒకటి అంటించబడింది. అప్పటి నుండి ఆ ఇంటిని చూసే మా చూపు మారిపోయింది.

ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత బయట చెట్టు క్రింద ఇదే మాట వచ్చింది. "ఆ ఇల్లు అట్లా పాడుపడితే మన ఇళ్ళ ధర పడిపోతుంది. బ్యాంకువాళ్ళు తొందరగా వేలము వేస్తే పీడ పోతుంది" అన్నారు ఒకరు. నేనూ అవునన్నాను. మా సంఘములో పెద్దామె ఒకరు కొంచెము సేపు విని, "వాళ్ళ ఫోను నంబరు మీలో ఎవరి దగ్గరైనా ఉందా నాయనా?" అని అడిగారు. పదిమందిమి ఉన్నాము. ఒక్కరి దగ్గర కూడా లేదు.

ఈ వ్యాసము ఆ ప్రశ్న దగ్గరే మొదలైనది. పక్క ఇల్లు ఖాళీపడితే మన ఇంటి ధరను కాపాడుకోవడము తప్పా? తప్పు కాకపోతే, పక్కవాడి కష్టములో మన ధరను లెక్కవేసుకోవడము ఎంతవరకు న్యాయము?

ముందుగా ఒక మాట ఒప్పుకుందాము. ఇంటి ధర గురించి ఆలోచించడము పాపము కాదు. మనవంటివారికి ఇల్లే బ్యాంకు. కూతురి పెళ్ళికి, కొడుకు చదువుకు, ఆపరేషనుకు చివరికి తాకట్టు పెట్టేది ఇంటినే. వలస వచ్చినవాడికి అది ఇంకా ఎక్కువ. ఊరిలో తనకు చోటు ఉన్నదని చెప్పే సాక్ష్యము అది. ఆ విలువ తగ్గుతుంటే గుండె బరువెక్కడము సహజము.

తగ్గుతుందనేది కూడా వట్టి భయము కాదు. అమెరికాలో షికాగో నగరము మీద డాన్ ఇమ్మర్‌గ్లక్, జెఫ్ స్మిత్ చేసిన అధ్యయనము ఒకటి 2006లో అచ్చయినది. అప్పు తీర్చలేక జప్తుకు వచ్చిన ఒక్కొక్క ఇంటి వలన, చుట్టూ మైలులో ఎనిమిదో వంతు దూరములో, అంటే సుమారు 200 మీటర్ల లోపల ఉన్న ఇళ్ళ ధర నూటికి దాదాపు 0.9 వంతు తగ్గినదని వారు లెక్క తేల్చారు. 10 లక్షల ఇంటికి 9,000 రూపాయలు. ఆ తరువాత 2008లో అక్కడ ఇళ్ళ అప్పుల సంక్షోభము ముదిరి వీధులకు వీధులే ఖాళీ అయినప్పుడు, ఖాళీ ఇళ్ళను కొని బాగుచేయడానికి అమెరికా ప్రభుత్వము దాదాపు 390 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది. అప్పు ఎగవేయనివాడు, ఒక్క కంతు కూడా తప్పనివాడు కూడా పక్క ఇంటి తాళమువలన నష్టపోయాడు.

జాలహళ్ళి షికాగో కాదు. కాని ఇక్కడ కారణము ఇంకా దగ్గరగా, గోడలోనే ఉంది. మన ప్రాంతపు మట్టి మిద్దె సంగతి మీకు తెలుసు. ఏటేటా వానలకు ముందు పైన మట్టి సరిచేయాలి, తూము శుభ్రము చేయాలి. ఒక్క ఏడు మానితే నీళ్ళు నిలుస్తాయి, రెండో ఏడు దూలము తడుస్తుంది, మూడో ఏడు గోడ కూలుతుంది. ఆ గోడ అతనిది ఎంతో మనది అంతే. దొడ్లో సర్కారు తుమ్మ మొలుస్తుంది. దాని వేళ్ళు పునాదిలోకి పోతాయి. పొదల్లో పాములు, రాళ్ళ క్రింద తేళ్ళు చేరుతాయి. పగిలిన కుండలో, పాత టైరులో నిలిచిన నీటిలో డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేవరకు 7 నుండి 10 రోజులు చాలు. ఆ దోమకు ఏది ఎవరి ఇల్లో తెలియదు.

కాబట్టి పక్క ఇంటిని పట్టించుకోవడము మన అవసరమే. అయితే పట్టించుకోవడము అనే పేరుతో మనము చేసే పనులను కూడా చూసుకోవాలి. నా సంగతే చెబుతాను. ఆ ఇంటికి తాళము పడిన నెలకు మా దూడను అతని వాకిట్లో కట్టాను. ఖాళీగా ఉన్నది గదా అనుకున్నాను. తరువాత అతని గోడకు ఆనించి రేకుల పాక వేశాను. ఆ తరువాత అతని వాకిలి ముందున్న నాపరాళ్ళు నాలుగు తెచ్చి మా నీళ్ళ తొట్టి దగ్గర పరిచాను. ఎవరూ అడగలేదు. అన్నిటికన్నా లోతైన సంగతి ఇంకొకటి ఉంది. ఇల్లు ఇంకా పాడుపడితే వేలములో చౌకగా వస్తుంది, మా చిన్నవాడికి తీసుకోవచ్చు అనే ఆలోచన నా మనస్సులో కూర్చున్నది. పైకి మాత్రము, "మన వీధి ధర పడిపోతున్నది" అని అందరితో కలిసి బాధపడ్డాను.

నా మాటలో ఉన్న అబద్ధము అప్పుల చట్టము చదివిన తరువాత నాకు పూర్తిగా అర్థమైనది. అది ప్రతి వీధిలో తెలిసి ఉండవలసినది కనుక కొంచెము వివరముగా చెబుతాను.

2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము, అప్పు మొండి బకాయి అయినదని తేల్చిన తరువాత బ్యాంకు 60 రోజుల నోటీసు ఇవ్వాలి. అప్పటికీ కట్టకపోతే ఆస్తిని స్వాధీనము చేసుకోవచ్చు. ఆ సంగతి తలుపు మీద అంటించి, రెండు పత్రికలలో వేయాలి. వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. అప్పు మిగులు లక్ష రూపాయలకు మించనిచోట ఈ చట్టము పనిచేయదు. వ్యవసాయ భూమి దీని క్రిందికి రాదు. బ్యాంకు తీసుకున్న చర్య తప్పనిపిస్తే 45 రోజులలో అప్పుల ట్రిబ్యునలుకు పోవచ్చు. అమ్మకానికి ముందు అప్పు తీసుకున్నవాడికి 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వేలము ప్రకటన వెలువడేలోపు బాకీ, ఖర్చులు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు అతనికి ఉంది. స్వాధీనము చేసుకున్న ఆస్తిని, మామూలు వివేకము గల యజమాని తన ఆస్తిని చూసుకున్నట్లు చూసుకోవలసిన బాధ్యత బ్యాంకు అధికారిది అని 2002 నాటి నియమాలు చెబుతున్నాయి. కనుక ఇల్లు బ్యాంకు స్వాధీనములో ఉండి మిద్దె కారుతుంటే, పొదలు పెరిగితే, పొరుగువారు బ్యాంకు మేనేజరుకు వ్రాతపూర్వకముగా తెలుపవచ్చు. కూలిపోయే గోడ, మురుగు, దోమల సంగతి గ్రామ పంచాయతీ పి.డి.ఓ. గారికి ఇవ్వవచ్చు.

ఇప్పుడు అసలు మాట. వేలములో వచ్చిన డబ్బులో బ్యాంకు బాకీ, ఖర్చులు పోగా మిగిలినది ఇంటి యజమానికి రావలసినది. చాలకపోతే మిగిలిన బాకీ అతని నెత్తి మీదనే ఉంటుంది. అంటే ఆ ఇల్లు బాగుంటే ఎక్కువ ధర పలుకుతుంది. ఎక్కువ పలికితే అతనికి నాలుగు రాళ్ళు మిగులుతాయి, లేదా అతని మీద బరువు తగ్గుతుంది. అదే సమయములో మన ఇంటి ధర కూడా నిలుస్తుంది. మన మేలు, వెళ్ళిపోయినవాడి మేలు ఒకే దారిలో నడుస్తున్నాయి. ఈ రెండు ఒక్కచోటే విడిపోతాయి. పొరుగువాడే ఆ ఇంటిని చౌకగా కొనాలని చూచినప్పుడు. అతని వాకిలి రాళ్ళు తీసిన నేను, తరువాత చౌక ధరకు పాట పాడి ఉంటే, అది బజారులో బేరము కాదు. లేనివాడి జేబులో చేయి పెట్టడమే.

వేలములో కొనడమే తప్పు అని నేను అనడము లేదు. ఎవరో ఒకరు కొనకపోతే ఆ ఇల్లు పాడుగానే ఉంటుంది. కొనేవాడు ఇల్లు దిగజారడానికి తాను కారణము కాకూడదు, ధర తగ్గించడానికి పుకార్లు పుట్టించకూడదు, పాట పాడవద్దని ఇతరులను ఆపకూడదు. ఇల్లుగలవాడు విడిపించుకునే దారి ఉన్నంతవరకు ఆ దారికి అడ్డు రాకూడదు. ఇంతమాత్రము నిష్ఠగా ఉంటే కొన్నవాడు ఆ గడప ఎదురుగా తలెత్తుకొని నిలబడగలడు.

మన గ్రంథములో ఈ విషయానికి దగ్గరగా రెండు చోట్లు ఉన్నాయి. నెహెమ్యా 3వ అధ్యాయములో కూలిన ప్రాకారము కట్టినవారి జాబితా ఉంది. వారిలో అనేకులు తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగమునే బాగుచేశారు. తన గుమ్మము ఎదుట పనిచేసుకోవడము స్వార్థమని అక్కడ ఎవరూ వారిని నిందించలేదు. కాని తన ఇంటి ముందు కట్టి పక్కన సందు వదిలితే ఆ గోడ గోడే కాదు. రెండవది ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము. అప్పు ఇచ్చినవాడు తాకట్టు తీసుకోవడానికి అప్పుపడినవాడి ఇంటిలోనికి దూరకూడదు, బయటనే నిలిచి ఉండాలి, అతడే దానిని బయటికి తెచ్చి ఇవ్వాలి అని అక్కడ విధి. అప్పు తీర్చవద్దని ఆ విధి చెప్పలేదు. అప్పుపడినవాడికి కూడా ఒక గడప ఉన్నదని చెప్పింది. అప్పు ఇచ్చినవాడే ఆ గడప దాటకూడదంటే, ఏమీ ఇవ్వని పొరుగువాడు దూడను తోలుకొని ఎట్లా దాటుతాడు?

"తన దుబారాకు తానే అప్పులపాలైనాడు, మనము ఎందుకు మోయాలి?" అని కొందరు అంటారు. కొందరి విషయములో అది నిజము కావచ్చు. కాని అతని తప్పొప్పులు తేల్చడానికి బ్యాంకు ఉంది, ట్రిబ్యునలు ఉంది. పొరుగువారిని ఎవరూ న్యాయాధిపతులుగా పెట్టలేదు. పైగా అప్పుల ఒత్తిడిలో ఊరు విడిచేవారందరూ దుబారా మనుషులు కారు. చిన్న అప్పుల వసూళ్ళలో వేధింపులు మితిమీరినందువల్లనే 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చింది. 2025 ఆరంభములో కర్ణాటకలో కొన్ని జిల్లాలలో కుటుంబాలు ఇళ్ళకు తాళాలు వేసి వెళ్ళిపోయిన వార్తలు మనము చదివాము. ఆ ఫిబ్రవరిలో ఈ రాష్ట్ర ప్రభుత్వము కూడా బలవంతపు వసూళ్ళ మీద ఆర్డినెన్సు తెచ్చింది. అప్పుపడినవాడిని నలుగురిలో అవమానించకూడదని రిజర్వు బ్యాంకు నియమము కూడా ఉంది. వసూలు ఏజెంటు వీధిలో నిలబడి కేకలు వేస్తుంటే చుట్టూ చేరి వినేవారము మనమే గదా. వినేవారు లేకపోతే ఆ కేకకు సగము బలము పోతుంది.

"లేనివాడి ఇంట్లో చేయిపెడితే రేపు మన మీద దొంగతనము పడదా?" అని మరికొందరి భయము. ఆ భయము న్యాయమైనదే. అందుకే నేను నేర్చుకున్న పద్ధతి చెబుతాను. లోపలికి ఎవరూ వెళ్ళవద్దు, తాళము ముట్టవద్దు. ఇంటాయన మాట తీసుకొని, బ్యాంకు స్వాధీనములో ఉంటే వారికి కూడా తెలిపి, ఇద్దరు ముగ్గురు కలిసి పైపై పని మాత్రమే చేయండి. వారానికి ఒకసారి నిలిచిన నీళ్ళు పారబోయండి. వాకిలి ఊడ్వండి. వానలకు ముందు తూము తీయండి, తుమ్మ మొక్కను వేలెడు ఉన్నప్పుడే పీకండి. పనికి ముందు, పని తరువాత ఫోనులో ఫొటో తీసి అతనికి పంపండి. ఖర్చయితే ఒక పుస్తకములో వ్రాసి పెట్టండి. ఊడ్చిన వాకిలి ఉన్న ఇంటి మీద తాగుబోతులు కూర్చోరు, తలుపులు ఎత్తుకుపోయేవాళ్ళు వెనుకాడుతారు.

ఇక నా కథ ముగిస్తాను. ఆ ఆదివారము తరువాత అతని బావమరిదిని పట్టుకొని నంబరు తీసుకున్నాను. ఫోను చేస్తే మొదట చాలాసేపు మాట్లాడలేదు. నేనూ బాకీ గురించే అడుగుతానని భయపడ్డాడట. చివరకు అతను అడిగినది ఒకటే: "అణ్ణా, మిద్దె మీద నీళ్ళు నిలుస్తున్నాయా?" నాకు మాట రాలేదు. మా నాన్నగారు ఈ ఊరికి మొదట వచ్చినప్పుడు, ఇల్లు దొరికేవరకు మా సామాను అంతా అతని తండ్రిగారి దొడ్లోనే ఉండినది. మా భాష రానివాడు, మా సంఘము కానివాడు మా పెట్టెలకు కాపలా ఉన్నాడు. ఆయన కొడుకు వాకిట్లో నేను దూడను కట్టాను.

నా పాక తీసివేశాను. రాళ్ళు నాలుగు తిరిగి పరిచాను. తీసిన సంగతి కూడా అతనికి చెప్పాను. చెప్పకుండా ఉండటమే సులభము, కాని పుస్తకములో మొదటి లెక్క అదే కావాలని అనిపించింది. వీధివారము ముగ్గురము కలిసి మిద్దె సరిచేశాము. వేలము ప్రకటన రాకముందే అతను వచ్చి, బ్యాంకువారి వ్రాతపూర్వక సమ్మతి తీసుకొని, ఆ ఇంటిని ఒక స్కూలు టీచరు కుటుంబానికి తానే అమ్ముకున్నాడు. బాకీ తీరింది. అతనికి మిగిలినది ఎక్కువ కాదు. అతను తిరిగి ఈ ఊరికి కాపురానికి రాలేదు కూడా. అయినా రాత్రివేళ తల వంచుకొని వెళ్ళినవాడు, పట్టపగలు తన చేతితో తాళపుచెవి ఇచ్చి, మా ఇంట్లో భోజనము చేసి, బస్సు ఎక్కాడు.

మా ఇంటి ధర తగ్గలేదని వేరే చెప్పనక్కరలేదు. కాని ఇప్పుడు ఆ మాట చివర వస్తుంది, మొదట కాదు.

ప్రియులారా, మీ వీధిలో కూడా ఒక తాళము ఉండే ఉంటుంది. ఈ వారము ఎవరూ పెద్ద పని చేయనక్కరలేదు. ఆ ఇంటివారి ఫోను నంబరు మీ దగ్గర ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కనుక్కోండి. ఫోను చేసినప్పుడు బాకీ సంగతి ఎత్తవద్దు. మిద్దె బాగున్నదని చెప్పండి. బాగుండకపోతే, బాగుచేసి చెప్పండి.